కుడివైపు చోటు

ఉప్పాడలో సముద్రం పెరటి గోడను లాక్కుపోయిన నాటి నుంచీ సంపూర్ణమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. మిగిలిన ఇంటిని రేపు పొద్దున్నే కూలీలు విప్పేస్తారు. కెరటాల పాలు కాకముందే పెంకులు, దూలాలు, తలుపులు తీసుకుపోవడం ఆ తీరంలో అందరూ చేసే పనే. ఇళ్ళు పోయినవాళ్ళకి కట్టిన కాలనీలో వేరే ఇల్లు వచ్చింది కాబట్టి అదెలాగో ఓర్చుకుంది. తోటికోడలు వెంకటదుర్గ ఈ మధ్యాహ్నమే తణుకులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. అదే మింగుడు పడడం లేదు.

పెళ్ళయిన కొత్తల్లోంచీ ఇద్దరూ ఒకే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని జాందానీ చీరలు నేశారు. ఎడమ పక్క సంపూర్ణమ్మ, కుడి పక్క దుర్గ. చీర వెడల్పంతా పువ్వులెత్తాలంటే ఒక్కరి చేతులు చాలవు. ఉండిపొమ్మని అడగాలని మాట నోటిదాకా వస్తోంది. కాదంటుందేమోనన్న భయం దాన్ని వెనక్కి తోస్తోంది.

అందుకే అన్న కూతురు సుప్రియ మీద ఆశ పెట్టుకుంది. కాకినాడలో వెబ్‌సైట్లు చేసే ఆ పిల్ల మొన్నామధ్య అందరినీ బయటికి పంపి ఇల్లంతా ఫొటోలు తీసింది. వాటితో కంప్యూటర్లో ఇల్లు కట్టింది. ఫోనులో బ్రౌజర్ తెరిచి, రెండు అద్దాలున్న అట్టపెట్టెలో పెట్టి చూస్తే ఇంట్లో ఉన్నట్టే ఉంటుందట. అది దగ్గరుంటే దుర్గ లేకపోయినా రోజులు వెళ్ళిపోతాయనుకుంది.

పెట్టె కళ్ళకు పెట్టుకోగానే మొహం చిట్లించింది.

"ఇదేంటే, క్యాలెండర్ బొమ్మలా ఉంది. మగ్గాన్ని గోడకి అంటించేశావా?"

సుప్రియ తనూ చూసి, లాప్‌టాప్ ముందు చతికిలబడింది. "నాదే పొరపాటత్తా. ఫోను తెరలో ఎడమ సగం ఎడమ కంటికి, కుడి సగం కుడి కంటికి. ఇంటిని రెండుసార్లు గియ్యాలి, ఏ కన్ను ఎక్కడుందో అక్కడి నుంచి. నేను రెండోదీ ఎడమ కంటి చోటు నుంచే గీసేశాను."

"కళ్ళ మధ్య బెత్తెడు లేదు, ఆ మాత్రం దూరానికేనా?"

"మగ్గం మీద పువ్వొకటే కదా. నీకు కనపడేది ఒక పక్క, దుర్గత్తకి కనపడేది ఇంకో పక్క. రెండూ కలిస్తేనే లోతు తెలిసేది."

"మేం కలిసి చూస్తే పోట్లాటే తెలిసేది," అంది సంపూర్ణమ్మ. వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. "కానియ్యవే తొందరగా."

సుప్రియ సరిచేసిచ్చాక పెట్టుకుని చూస్తే, ఈసారి మగ్గం ముందుకు వచ్చింది. దారాలు ఒకదాని వెనక ఒకటి విడివిడిగా నిలబడ్డాయి. గుంట కిందికి దిగింది. పడిపోతానేమోనని ఆమె కాళ్ళు ముడుచుకుంది. సంబరంగా ఏదో చెప్పబోయి, అలవాటు చొప్పున తల కుడివైపు తిప్పింది.

ఎవరూ లేరు. ఇందాక బొమ్మ చదునుగా ఉన్నప్పుడు ఆ ఖాళీ కంటికి ఆనలేదు. ఇప్పుడు చెయ్యి చాపితే మనిషి తగలాల్సిన చోట ఏమీ లేదని తెలిసిపోతోంది.

ఆమె పెట్టె దించేసింది. సుప్రియ గ్రహించింది. "అప్పుడందరినీ పంపేశాను కదా. పోనీ, దుర్గత్తని ఇప్పుడే నాలుగు వైపులా ఫొటోలు తీసి అక్కడ కూర్చోబెట్టేస్తాను."

"వద్దు."

"అదేంటత్తా?"

"అక్కడ కూర్చుందంటే ఇక్కడ అడగడం మానేస్తాను."

గబగబా వీధిలోకి వచ్చింది. దుర్గ ఒక కాలు ఆటోలో పెట్టి, సంచులు సర్దుకుంటోంది.

"దుర్గా, కాలనీ ఇంట్లో మగ్గం గుంట తవ్విస్తున్నాను. ఉండిపోరాదూ?"

దుర్గ సంచి వదల్లేదు. "బండెక్కాక అడుగుతావేంటక్కా?"

"నువ్వే వెళ్తానన్నావుగా."

"నువ్వు ఉండమన్లేదుగా."

ఆటో అబ్బాయి రెండుసార్లు హారన్ కొట్టాడు. "అమ్మాయి అక్కడ ఎదురుచూస్తోంది," అంది దుర్గ తలొంచుకుని. "ముందు వెళ్ళనీ. గుంటైతే తవ్వించు."

అది మాట ఇవ్వడమో, ఊరుకోబెట్టడమో సంపూర్ణమ్మకు అంతు పట్టలేదు. ఆటో మలుపు తిరిగాక కూడా అక్కడే అటూ ఇటూ తిరిగింది.

మర్నాడు కాలనీలో మేస్త్రీ గదిలో ముగ్గుతో గీత గీయబోతూ అడిగాడు. "ఒక్కరికేనాండి గుంట?"

సంపూర్ణమ్మ గుమ్మందాకా వెళ్ళి రోడ్డు చూసి వచ్చింది.

"ఇద్దరికి," అంది.