సాయిదుర్గ సొంత ల్యాప్‌టాప్

గుడివాడ బస్టాండు వెనక దుర్గాప్రసాద్ జిరాక్స్ షాపులో సాయిదుర్గ టైపింగ్ పని చేసేది. దరఖాస్తులు, అద్దె అగ్రిమెంట్లు, పెళ్లి కార్డులు. నందివాడ నుంచి ఆటోలో వచ్చి కూర్చోగానే ముందు తడిగుడ్డతో కీబోర్డు తుడిచేది. దుర్గాప్రసాద్‌కి ఖైనీ అలవాటు. అరచేతిలో పొగాకు, సున్నం వేసి నలిపి, పెదవి కింద దోపుకుని, అవే వేళ్ళతో కీబోర్డు కొట్టేవాడు. మీటల సందుల్లో పొగాకు నలుసులు ఇరుక్కునేవి. స్పేస్ బార్ ఎప్పుడూ జిగటగానే ఉండేది. సాయిదుర్గ తన చేతులు ఎంత సబ్బు పెట్టి కడుక్కున్నా, మధ్యాహ్నం అన్నం ముద్ద నోటిదాకా వచ్చేసరికి ఆ వాసన వచ్చేది. చివరికి ఆమె చెంచాతో తినటం మొదలుపెట్టింది.

అంతకన్నా రోత ఇంకొకటి ఉంది. దరఖాస్తుల కోసం ఆడపిల్లలు ఇచ్చిన ఫొటోలను, వాళ్ళు గుమ్మం దిగగానే ఆయన స్క్రీన్ నిండా పెద్దవి చేసుకుని చూసేవాడు.

"పని అయిపోయింది కదండీ, తీసేస్తాను," అంటే, "ఉండనీ అమ్మాయ్, మళ్ళీ అవసరం పడొచ్చు," అనేవాడు.

సొంత ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే ఇదే పని ఎక్కడైనా కూర్చుని చేసుకోవచ్చు. కొత్తది కొనే స్తోమత లేదు. మచిలీపట్నంలో కంప్యూటర్లు బాగుచేసే రిజ్వాన్, పాలిటెక్నిక్‌లో ఆమెతో చదివినవాడు. అడిగితే, "కొనటం ఎందుకు, తయారు చేద్దాం. ఒకే మోడల్‌వి పాడైనవి రెండు ఉంటే, బాగున్న భాగాలు కలిపి ఒకటి చెయ్యొచ్చు," అన్నాడు.

ఒకటి అతని దగ్గరే ఉంది. స్క్రీన్ బాగుంది, మదర్‌బోర్డు కాలిపోయింది. రెండోది అవనిగడ్డ దగ్గర రొయ్యల మేత గోడౌన్‌లో మూలపడి ఉందని తెలిసింది. స్క్రీన్ పగిలింది గాని బోర్డు బతికే ఉంది. గోడౌన్ వాళ్ళు పాత సామాను కింద ఇచ్చేశారు.

ఆదివారం రిజ్వాన్ షాపులో దాని అడుగు మూత విప్పగానే కుళ్ళిన చేపల కంపు గుప్పుమంది. మేత పొడి చెమ్మకి గడ్డకట్టి ఫ్యాన్ నిండా పట్టేసింది. రెక్కల మధ్య ఒక బల్లి చచ్చి, ఎండి, అతుక్కుపోయి ఉంది. దాని పక్కనే బొద్దింక గుడ్లు. రిజ్వాన్ ముక్కు మూసుకుని బయటికి నడిచాడు.  సాయిదుర్గ చున్నీ మొహానికి చుట్టుకుని, పట్టకారుతో బల్లిని ముక్కలు ముక్కలుగా లాగి కాగితంలో పెట్టింది. పాత టూత్‌బ్రష్ స్పిరిట్‌లో ముంచి బోర్డంతా రుద్దింది.

"నీకు రోతగా లేదూ?" గుమ్మంలోంచి అడిగాడు రిజ్వాన్.

"లేకేం. ఆ స్పేస్ బార్ కన్నా నయం."

ఫైళ్ళు దాచుకునే చిన్న ఎస్సెస్డీ ఒక్కటే కొత్తది కొంది. ర్యామ్ పాతదే. బ్యాటరీ లేదు, ఛార్జర్ పెట్టినంతసేపే నడుస్తుంది. పైమూత నలుపు, అడుగు బూడిదరంగు. రిజ్వాన్ ఆఖరి మర బిగించి, "నువ్వే నొక్కు," అన్నాడు. ఆమె స్విచ్ నొక్కింది. స్క్రీన్ వెలిగింది. 

నెలాఖరుకి పని మానేద్దామనుకుంది. ఈలోగా తనకి సొంతంగా వచ్చిన పెళ్లి కార్డు పని ఒకటి మధ్యాహ్నం విరామంలో చేసుకుందామని ల్యాప్‌టాప్‌ని షాపుకి తెచ్చింది. అన్నం తిని గిన్నె కడుక్కుని వచ్చేసరికి దుర్గాప్రసాద్ దాని ముందు కూర్చుని ఉన్నాడు.

"భలే తయారుచేశావమ్మాయ్. స్పీడెంతో చూద్దామని నా పెన్‌డ్రైవ్ పెట్టాను," అన్నాడు, పెదవి ఉబ్బించుకుని. అంతలో ఎవరో జిరాక్స్ కోసం పిలిస్తే లేచి వెళ్ళాడు.

మీటల మీద తెల్లగా సున్నం మరకలు. స్క్రీన్ మీద వరసగా ఆడపిల్లల ఫొటోలు, దరఖాస్తుల్లోంచి మొహం వరకు కత్తిరించినవి. కొన్ని షాపులోనే వెనకనుంచి ఫోన్‌తో తీసినవి. వాటిలో ఒకటి, కాగితాల కట్ట కోసం వంగిన తనదే. సాయిదుర్గ మిగతావన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసింది. 

బయట బల్ల మీద సాంబశివరావు గారు కూతురి దరఖాస్తు కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళదీ నందివాడే. ఆ పిల్ల ఫొటో కూడా అందులో ఉంది. ఆయన్ని లోపలికి పిలిచి, ఆ ఒక్కటీ చూపించింది. ఆయన మొహం కందిపోయింది.

"నేను స్టేషన్‌కి వెళ్తున్నానండీ. మీరూ రండి."

ఆయన అటూ ఇటూ చూశాడు. "వద్దమ్మా. మా పిల్ల పేరు బయటికొస్తుంది. అది తుడిచెయ్. నాకు చూపించలేదనుకో," అన్నాడు గొంతు తగ్గించి. తర్వాత కౌంటర్ దగ్గరికి వెళ్ళి, దుర్గాప్రసాద్ చేతిలోంచి కాగితాలు తీసుకుని, డబ్బులిచ్చి, "వస్తానండీ," అని నవ్వాడు కూడా. ఆ నవ్వు చూశాక సాయిదుర్గకి అక్కడ ఒక్క క్షణం కూడా నిలబడబుద్ధి కాలేదు. పెన్‌డ్రైవ్ పీకి జేబురుమాల్లో చుట్టింది. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంది.

"అది ఇటివ్వు," అన్నాడు దుర్గాప్రసాద్.

"ఇవ్వను."

"సరదాకి దాచుకున్నవేగా. ఎవరికైనా పంపించానా?"

ఆమె ఆయన్ని దాటుకుని మెట్లు దిగింది.

స్టేషన్‌లో ఫర్జానా అనే కానిస్టేబుల్, "కంప్లైంట్ ఎవరి తరఫున?" అని అడిగింది.

"నా తరఫునే అండీ. ఇందులో నేనూ ఉన్నాను. మిగతా పిల్లల పేర్లు రాయకండి."

ఫర్జానా ఫొటోలు చూస్తూ చూస్తూ, తాగుతున్న టీ గ్లాసు పక్కకి నెట్టేసింది. కేసు రాశారు. దుర్గాప్రసాద్ బెయిలు మీద బయటికొచ్చి మళ్ళీ షాపు తెరిచాడు.

సున్నం మరకలు పడ్డ ల్యాప్‌టాప్ కీబోర్డు స్పిరిట్‌తో తుడిస్తే చాలన్నాడు రిజ్వాన్. ఆమె ఒప్పుకోలేదు, దాన్ని తీసెయ్యమంది. అతను మరలు విప్పుతుంటే మొహం అటు తిప్పుకుని కూర్చుంది. కొత్తది దొరికేదాకా విడి కీబోర్డు ఒకటి తగిలించుకుని, పామర్రు సెంటర్లో అమ్మాజీ టైలరింగ్ షాపు వరండాలో టేబుల్ వేసుకుంది.

మొదటి వాయిదాకి గుడివాడ కోర్టుకి వెళ్ళింది. దుర్గాప్రసాద్ కోర్టు వరండాలో ఆమె కూర్చున్న బెంచీ చివరే వచ్చి కూర్చున్నాడు. అరచేతిలో పొగాకు నలుపుతూ, "ఏమ్మా సాయీ, పామర్రులో బాగానే నడుస్తోందా?" అని అడిగాడు, ఏమీ జరగనట్టు.

 ఆమె లేచి, వరండా అవతలి చివరికి వెళ్ళి, పేరు పిలిచేదాకా ఎండలోనే నిలబడింది.