మూడో ప్రాసెసర్ మీద పచ్చగీత

ఆ పచ్చగీత మరీ బుద్ధిగా ఉందని నాకప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. నేను గీయించిన గీత కదా, కాకిపిల్ల కాకికి ముద్దు.

మా కంపెనీ ఆస్పత్రులకు శ్వాస మిషన్లు తయారుచేస్తుంది. వాటి ప్రోగ్రాంలో ఒక్కో పనికి ఒక్కో థ్రెడ్, అంటే విడిగా నడిచే ఒక పనివరస. ఏ థ్రెడ్ ఏ క్షణాన ఏ ప్రాసెసర్ మీద నడుస్తోందో రంగుగీతలుగా చూపించే టూల్ నేను రాశాను. గాలి ఆగితే మోగాల్సిన అలారం థ్రెడ్‌ది పచ్చ రంగు. అది మూడో ప్రాసెసర్ మీద ఒంటరిగా ఉండాలి. ఇంకో పని అడ్డొస్తే ఆలస్యంగా మోగుతుంది. నా టూల్‌లో అది మూడో ప్రాసెసర్ దాటి కదల్లేదు. ఆ బొమ్మ చూసే మిషన్లు బయటికి పంపారు.

ఇవాళ మధ్యాహ్నం వేరే పని మీద ఆ కోడ్ తెరిచాను. ప్రాసెసర్ నంబరు థ్రెడ్ పుట్టినప్పుడు ఒక్కసారి అడిగి ఊరుకుంటున్నాను. పొద్దున గుమ్మంలో కనిపించిన మనిషి సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాడని రాసుకున్నట్టు! నిన్న ఆపరేషనైన మా చెల్లెలు ఆ మిషన్ మీదే ఊపిరి తీసుకుంటోంది. "మా కంపెనీదే, దిగులు పడకు" అని మరిది దగ్గర గొప్పలు పోయింది నేనే.

తప్పు దిద్ది, ల్యాబ్‌లోని మిషన్ మీద మళ్ళీ నడిపాను. పచ్చగీత ముక్కలైంది. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడికి దూకుతోంది. ఒకచోట రికార్డులు రాసే థ్రెడ్ వెనక ఇరుక్కుంది. గాలి గొట్టం ఊడదీసి లెక్కపెట్టాను. పది అంకెల్లోపు మోగాల్సిన అలారం నలభై అయ్యాక మోగింది.

వెళ్ళి మా మేనేజరుకి చెప్పాను. ఆయనకు మేం పెట్టుకున్న పేరు 'రేపుచూద్దాం'.

"ఒక్కసారికే కంగారెందుకమ్మా? రేపు మీటింగ్‌లో పెడదాం," అన్నాడు.

"అయితే రేపటిదాకా మీరు ఊపిరి బిగబట్టి కూర్చోండి సార్," అని మెట్ల దగ్గరికి వచ్చేసి వార్డుకి ఫోన్ చేశాను.

"మీ చెల్లెలుగారు బాగానే ఉన్నారండీ. అలారం ఏమీ మోగలేదు," అంది నర్సు.

"అదేనమ్మా నా భయం! అలారాన్ని నమ్మొద్దు. ఛాతీ కదులుతోందో లేదో కళ్ళతో చూడండి."



"ఇలాంటివి ఇక్కడ ఆరున్నాయండీ. మేమేమో ఇద్దరం. ముందు ఎవరి దగ్గరికి వెళ్ళమంటారు?"

ఆరుగురూ నా బొమ్మను నమ్మి పడుకున్నవాళ్ళే. ఇంకా మనుషుల్ని పిలవమని, అందరినీ చూడమని చెప్పాలి. తెలుసు.

"మా చెల్లి దగ్గరికి," అన్నాను.

అడుగుల చప్పుడు వినిపించింది. ఆ వెంటనే అలారం మోత.

"చెల్లెలుగారు బాగున్నారండీ!" రొప్పుతూ అరిచింది నర్సు. "మోగేది చివరి మంచం పెద్దాయనది!"

ఫోన్ ఎక్కడో పడేసి పరుగెత్తింది.

ముందు నాకు హమ్మయ్య అనిపించింది. ఆ తర్వాతే గుర్తొచ్చింది, ఆ అలారం మోగేసరికే ఆలస్యమై ఉండొచ్చని.