పలికే గోడను మళ్ల తెరిచిన నాడు

పొద్దుగాల్నే జంగయ్య కోట గేటు కాడ ఊడ్చి, నీళ్లు చల్లి, మెడల గైడు కార్డు ఏసుకొని కూసుంటడు. కొత్తకోట నుంచి వనపర్తి పొయ్యే తొవ్వల, గుట్ట మీద ఉంటది ఆ కోట. చూసేటందుకు పెద్దగ ఏం లేదు. రెండు బురుజులు, తుమ్మ చెట్లు, మేకలు. జనం వచ్చేదల్ల లోపలి గోడ కోసం. ఆ గోడకు నోరు ఆనిచ్చి, పోయినోళ్లను పిలిస్తే, వాళ్ల గొంతే తిరిగి పలుకుతది. ఒక్కటే మాట. అదిగూడ ఒక్కపారే. ఒక్కపారి పలికినోళ్లు మళ్ల ఎవ్వరు పిలిచినా పలుకరు.

అందుకే పొలం సుత సప్పుడు లేకుంట పంచుకున్న అన్నదమ్ములు ఈడికొచ్చి, అమ్మను ఎవడు పిలవాల్నని జుట్లు పట్టుకుంటరు. జంగయ్యనే నడుమ సొచ్చి, "చిన్నోనికియ్యిండ్రయ్యా, వానికి అమ్మ తక్కువ దొరికింది" అని సముదాయిస్తడు. మంచి మాట. చెప్పనీకి ఏం పాయె.

కరోనా వచ్చి గేటుకు తాళం వడ్డది. గైడుకు జీతమేడిది? వచ్చినోళ్లు చేతుల వెట్టిందే కూడు. రెండో ఏడు జంగయ్య భార్య నీలవేణికి దమ్ము ఆడకుండ అయ్యింది. ఆటోల దవాఖానకు తోలుకపోతుంటే తొవ్వలనే పానం పోయింది. మూట గట్టి తీస్కపోయిండ్రు. బిడ్డ వర్షకు తల్లి మొఖం గూడ చూపియ్యలే. పిల్ల అన్నం ముట్టకుండ ఏడుస్తుంటే జంగయ్య మాటిచ్చిండు.

"ఏడ్వకు బిడ్డా. గేటు తెరవనియ్యి. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమిచ్చినంక, అమ్మను నువ్వే పిలువు. నేను పిలువ."

పెత్రమాస ఇంక నెల ఉన్నదనంగ సర్కారుకు ఈ కోట యాదికొచ్చింది. పండుకున్న పర్యాటకాన్ని లేపాల్నని పథకం వెట్టిండ్రు. రాళ్లకు రంగులేసిండ్రు, ఫొటోలు దిగనీకి బోర్డు నిలవెట్టిండ్రు. ఇంటింటికి ఒకరు పోయిండ్రు గనుక గిరాకికి లోటుండదని సార్లు లెక్క గట్టిండ్రు. లెక్క మంచిదే. ఒక గైడుకు పక్కా నౌకరి గూడ ఇస్తమన్నరు. ఉన్నది ఇద్దరు గైడ్లు, జంగయ్య, బాలరాజు.

పెత్రమాసకు నాలుగు దినాల ముందు, గేటు తెరిచే నాడు పెద్ద సారు మల్లికార్జున్ వచ్చిండు. "ఎవరైనా గోడను పిలిచి చూపించాలి. వీడియో పైకి పంపాలి" అన్నడు. అందరు తలకాయలు వంచుకున్నరు. తమ ఇంటి గొంతును ఎవరు పోగొట్టుకుంటరు?

"జంగయ్యా, మీ ఆవిడ పోయింది కదా. నువ్వు పిలువు. చూసేవాళ్ల మనసు కరుగుద్ది."

"సారూ, అది పిల్లకు మాటిచ్చిన."

"నీ ఇష్టం. నౌకరి మాత్రం ఒక్కటే ఉన్నది."

"మా నాయినను నేను పిలుస్త సారూ" అన్నడు బాలరాజు.

జంగయ్య దూరంగ యాప చెట్టు కింద కూసున్న బిడ్డను చూసిండు. గౌను వదులైంది, మోచేతి బొక్కలు తేలినయి. ఇంట్ల బియ్యం రాత్రికే ఒడిసినయి. అమ్మ గొంతు కడుపు నింపుతదా అని మనసుల అనుకున్నడు. అనుకున్నందుకు తనను తానే తిట్టుకున్నడు. అయినా పొయ్యి గోడకు నోరు ఆనిచ్చిండు.

"నీలవేణీ."

"పిల్ల తిన్నదా?" అన్నది గోడలకెల్లి నీలవేణి.

జంగయ్య గోడను ఇడిచి పక్కకు జరిగి కూసున్నడు. వీడియో తీసే పిలగాడు చెవులకున్నది తీసి, "సార్, మైకు ఆన్ చెయ్యలేదు. ఇంకోసారి అనిపిద్దామా?" అన్నడు. ఇంకోసారట.

"రెండోపారి పలుకదు సారూ" అన్నడు జంగయ్య.

"పాప ఉన్నది కదా. పిల్ల పిలిస్తే ఇంకా బాగుంటది" అన్నడు సారు.

ఎవరో వర్షను తెచ్చి గోడ కాడ నిలవెట్టిండ్రు. పిల్ల మొఖం ఎలిగిపోతుంది. "ఇయ్యాల్నే పిలువాల్నా నాయినా?" అన్నది. జంగయ్య మొఖం పక్కకు తిప్పుకున్నడు.

"అమ్మా."

గోడ పలుకలే.

"అమ్మా, నేనే, వర్షను."

అయినా పలుకలే. పిల్ల గోడకు చెంప ఆనిచ్చి ఎక్కెక్కి ఏడ్వవట్టింది. "నాయినా, అమ్మ పలుకుతలేదు నాయినా."

"వస్తున్న బిడ్డా" అన్నది గోడ.

అది జంగయ్య గొంతు. జంగయ్య మాత్రం నోరు మూసుకొనే కూసున్నడు.

పోయినోళ్ల గొంతే పలికే గోడ అది. చుట్టున్నోళ్లు జర జర ఎనుకకు జరిగిండ్రు, దించుకున్న మాస్కులు మీదికి గుంజుకున్నరు. ఈపారి మైకు ఆన్‌లనే ఉన్నది. మల్లికార్జున్ సారు చెడ్డోడేం కాదు, కాని ఇచ్చిన నౌకరి నాలుగొద్దులకే ఖాళీ అయితే మళ్ల మొదటికెల్లి రాసుకోవాలె. అందుకే గొంతు సవరిచ్చుకొని, "బాలరాజు పేరు రాయండి" అన్నడు. బాలరాజు తలకాయ వంచుకున్నడు, వద్దని మాత్రం అనలే.

వర్ష ఉరికొచ్చి నాయిన మెడను పట్టుకున్నది. కండ్ల నీళ్లు ఇంక ఆరలే, అప్పుడే నవ్వుతుంది.

"గోడల నువ్వే పలికినవ్ గదా నాయినా? నేను ఏడుస్తున్ననని?"

జంగయ్య బిడ్డ ముక్కు తుడిచిండు.

"ఆ బిడ్డా," అన్నడు, "నేనే."