జెయింట్ వీల్‌కు టెస్టు రౌండు

స్కూలు బస్సు వీధి మలుపులో హారన్ కొట్టినా కూతురు కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. అవతల ఈతపోటీలు. ఇవతల ఆటలో ఇంకా రెండు నెలలు మిగిలున్నాయి.

అది ఎమ్యూజ్‌మెంట్ పార్కు నడిపే ఆట. వారానికో పార్కు ఇస్తారు. ఆటలో అక్టోబరు ముగిసేసరికి పార్కు రేటింగు ఆరువందలు దాటాలి, అదీ ఆదివారం సాయంత్రం ఆరులోపు. దాటితే పై మ్యాపు తెరుచుకుంటుంది. పదకొండు వారాలుగా ఆ పిల్లకు తెరుచుకోలేదు. ఈసారి సెప్టెంబరు ఒకటికే రేటింగు ఆరువందల నలభై. ఈ రోజే ఆదివారం.

తండ్రి నిజం పార్కులో మెకానిక్. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. పార్కుకు రంగులు వేస్తున్నారని ఆ వారం సెలవు.

"నువ్వేమీ చెయ్యక్కర్లేదు నాన్నా," అంది కూతురు, సంచీ భుజాన వేసుకుంటూ. "ఈ బటన్ నొక్కితే నడుస్తుంది. ఆటలో రోజంటే బయట నిమిషం. గంటలో అయిపోతుంది. ఏదీ ముట్టుకోకుండా కూర్చుని చూడు, చాలు."

"పార్కు నడపడం నాకే నేర్పుతున్నావా?"

"నువ్వు నడపవు నాన్నా. నట్లు బిగిస్తావు."

బస్సు మళ్ళీ హారన్ కొట్టింది. అతని జవాబు కోసం అది ఆగేది కాదు.

భోజనం, కునుకు అయ్యాక ఐదు కావస్తుండగా బటన్ నొక్కాడు. గేట్లు తెరుచుకున్నాయి. జనం నేరుగా వెళ్ళి జెయింట్ వీల్ ఎక్కారు. అది తిరిగింది. అతను కుర్చీలో ముందుకు జరిగాడు.

అతని పార్కులో గేట్లు తెరవకముందు వీల్ ఒక రౌండు ఖాళీగా తిరగాలి. రెండో రౌండులో అతనొక్కడే కూర్చుని బేరింగు చప్పుడు వింటాడు. అప్పుడు రిజిస్టర్లో సంతకం. పంతొమ్మిదేళ్ళలో ఇది తప్పిన రోజు లేదు. కూతురు పుట్టిన రోజు రెండు గంటలు ఆలస్యంగా వెళ్ళాడు. ఆ రోజు గేట్లు కూడా రెండు గంటలు ఆలస్యంగా తెరిచారు.

వెతికితే ఆటలోనూ టెస్ట్ అనే బటన్ దొరికింది. టెస్టుకు ఆటలో సగం రోజు పడుతుంది. ఆటలో మర్నాడు పొద్దున్నే ఎనిమిది రైడ్లకూ నొక్కాడు. ఆ మర్నాడూ నొక్కాడు. వారం తిరిగేసరికి క్యూ గేటు దాటింది, రేటింగు ఐదువందల యాభైకి దిగింది.

భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తెర చూసింది. "ఏమండీ, వాళ్ళంతా ఎందుకలా నిలబడిపోయారు?"

"చెకింగ్ జరుగుతోంది."

"ఎవరు చేస్తున్నారు?"

చూస్తే మొత్తం పార్కుకు ఒక్కడే మెకానిక్. తన పార్కులోనూ అంతే. రెండో మెకానిక్ కావాలని తొమ్మిదేళ్ళుగా మేనేజర్ని అడుగుతున్నాడు. తొమ్మిదేళ్ళుగా మేనేజర్ "చూద్దాం" అంటున్నాడు. ఇక్కడ ఒక్క నొక్కుకు మనిషి వచ్చాడు. ఇంకో నొక్కుకు ఇంకొకడు. సెప్టెంబరు పదిహేనుకు పద్నాలుగు మంది అయ్యారు.

"పద్నాలుగు మందా," అంది భార్య. "వంటింటి గొళ్ళెం ఊడి మూడు నెలలైంది. అందులో ఒకణ్ణి ఇటు పంపండి."

రేటింగు నాలుగువందల ఎనభై. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

"నేల చూడండి. అంతా చెత్త. ఊడ్చేవాళ్ళేరి?"

"ఇద్దరున్నారు."

"బిగించడానికి పద్నాలుగు మంది, ఊడ్చడానికి ఇద్దరు. మగవాళ్ళు నడిపే పార్కని బయట బోర్డు పెట్టక్కర్లేదు."

ఊడ్చేవాళ్ళు తొమ్మిది మందయ్యారు. టెస్టుల మీద బేరం సాగింది. నేల విడవని బొమ్మ గుర్రాలకు రోజూ టెస్టెందుకని ఆవిడ అడిగింది. అతను తెర మీది రైడ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. నేల మీద తిరిగేవాటికి వారానికొకసారి, మనిషిని పైకి లేపేవాటికి రోజూ అన్నాడు. అంతకు తగ్గలేదు. అక్టోబరు పదికి ఐదువందల నలభై. ముప్పైకి ఐదువందల తొంభై ఏడు.

ముప్పై ఒకటి పొద్దున జెయింట్ వీల్ ఆగిపోయింది. పద్నాలుగు మందిలో ఒకడు మధ్యాహ్నానికి బాగుచేశాడు. 'రైడు తెరవాలా?' అని తెర అడిగింది. గది గడియారంలో ఆరుకు నాలుగు నిమిషాలు తక్కువ.

"నొక్కండి," అంది భార్య. "వీల్ తిరిగితే దాటుతుంది."

"టెస్టు అవలేదు."

"టెస్టు పెడితే గేట్లు మూసే వేళవుతుంది. పిల్ల పదకొండు వారాల కష్టమండీ."

"తెలుసు."

"అవి బొమ్మలు. పడినా ఏడ్చేవాళ్ళు లేరు."

"అదీ తెలుసు."

టెస్ట్ నొక్కాడు. వీల్ ఖాళీగా తిరిగింది. చప్పుడు వినడానికి అతను తెరకు చెవి ఆనించాడు. స్పీకరు ఆపేసి ఉంది. రేటింగు ఐదువందల తొంభై ఎనిమిది దగ్గర అక్టోబరు ముగిసింది.

అతను లేచి వంటింటి గొళ్ళెం బిగించాడు. తలుపు మూడుసార్లు వేసి తీసి చూశాడు.

ఏడింటికి కూతురు తడి జుట్టుతో వచ్చింది. ఈతలో నాలుగో స్థానం. నేరుగా కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది.

"మీ నాన్న నట్లు బిగించారు," అంది తల్లి.

కూతురు తెర మీది ఆట నివేదిక మొదటి నుంచి చివరి దాకా చదివింది. "మధ్యాహ్నం వీల్ తెరిచుంటే దాటేది."

"దాటేది."

"ఇది ఆట నాన్నా."

"మా పార్కులో వీల్ ఎన్నిసార్లు ఎక్కుంటావు?"

"లెక్కలేదు."

"చెకింగ్ అయిందా అని ఎప్పుడైనా అడిగావా?"

కూతురు కంప్యూటర్ ఆపేసి లేచింది. ఆ రాత్రి అన్నం త్వరగా ముగించి గదిలోకి వెళ్ళిపోయింది.

సోమవారం సాయంత్రం కొత్త పార్కు వచ్చింది. కూతురు గదిలోంచి పిలిచింది. పక్కన స్టూలు వేసి ఉంది.

"ఉద్యోగం ఇస్తున్నా. పార్కు నడిపేది నేను. పైకి లేపేవాటికి పొద్దున్నే టెస్టు నువ్వు నొక్కు. ఊడ్చేవాళ్ళ సంగతి అమ్మ చూస్తుంది. ఇంకేదీ ముట్టుకోకు."

"సరే."

అతను కూర్చున్నాడు. పైకి లేపే రైడ్లు మూడున్నాయి. మెకానిక్ ఒక్కడు.

"ఇంకో మెకానిక్ కావాలి," అన్నాడు.

కూతురు తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"చూద్దాం," అంది.