వేపకొయ్య తెడ్డు

చేను సోలార్ పార్కుకు కౌలుకిచ్చినప్పుడు కొట్టేసిన వేపచెట్టులో ఈ ఒక్క ముక్కే మిగిలింది. మనవరాలు చైత్ర బెంగళూరుకు పనికి పోతోంది. బస్సు వచ్చేలోగా దీన్ని సంగటి తెడ్డుగా చెక్కి ఇవ్వాలని నా ఆరాటం. మా ఇంట్లోంచి పోయినవాళ్లు తొందరగా తిరిగి రారు. గబగబా కత్తి తోసేసరికి చర్రుమని పెచ్చు లేచింది.

“నారకు ఎదురు చెక్కుతుండావవ్వా! తిప్పి పట్టు. నాకు నేర్పింది నువ్వే కదా?” అంది చైత్ర.

తిప్పి చెక్కాను. చీలిక ఆగి, పొర మెత్తగా ఊడింది. అంతలో హారన్ మోగింది. పిడి ఇంకా గరుకుగానే ఉంది.

“ఇట్లే ఇయ్యి. ఆడ నేనే నున్నగా చేసుకుంటా.”

“తీసుకపో. గాజుపెంకుతో గీకే పని మాత్రం నాకుంచు. దానికైనా రా.”

“వస్తాలే. ఆలోగా మంచి పెంకు వెతికి పెట్టు” అని తెడ్డు సంచిలో పెట్టుకుని నవ్వుతూ బస్సెక్కింది.

బస్సు మలుపు తిరగకముందే నేను పెరట్లో వెతుకుతున్నాను.