కొన తెగిన టేపు

రామచంద్రం కిటికీ నుంచి శవం దాకా టేపు లాగాడు. శవం తుమ్మింది.

"కొండల్, సచ్చినోడు తుమ్ముతడా?" అంది ఎస్సై నవీన.

"ఏం జేయాలె మేడం, దుమ్ము," అని కానిస్టేబుల్ కొండల్ మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

క్లూస్ టీం ఆఫీసులో ఆ పొద్దు ఉత్తుత్తి హత్య జరిగింది. నేరం జరిగిన గదిని కంప్యూటర్‌లో ఉన్నదున్నట్టు నిలబెట్టే సాఫ్ట్‌వేర్లు రెండు వచ్చాయి. ఒకటి ఎంచుకోవాలి. ఇరవై రెండేళ్లుగా నక్షాలు గీస్తున్నాడు కనుక హెడ్ కానిస్టేబుల్ రామచంద్రం మాటే చివరిమాట అన్నది నవీన. మొదటిదానికి కొలతలు చేత్తో ఎక్కించాలి, అంటే అతని కుర్చీకి ఢోకా లేదు. రెండోది ఫొటోలు చూసి గదిని తానే కట్టుకుంటుంది, తానే కొలుస్తుంది. అది వచ్చిందంటే అతను మళ్లీ స్టేషన్ డ్యూటీకే. ఈ మోకాళ్లతో బందోబస్తులో నిలబడటం తలచుకుంటేనే అతనికి చెమట పట్టింది.

అతని టేపు కొన ఎప్పుడో తెగిపోయింది. పదో గీత దగ్గర పట్టి కొలుస్తాడు, రాసేటప్పుడు పది తీసేస్తాడు. కొత్త టేపు ఇస్తే బీరువాలో పడేశాడు. అలవాటుపడ్డ చెయ్యి ఒకరి మాట వింటుందా!

రెండో సాఫ్ట్‌వేర్ కిటికీకీ శవానికీ మధ్య డెబ్బై సెంటీమీటర్లు అంది. రామచంద్రం కాగితంలో ఎనభై ఉంది.

పది తీసెయ్యడం మరిచిపోయాడు.

"తుమ్ముకు మర్చినవ్, పోనీ తియ్యే అన్నా," అని నవీన నవ్వింది. అతను మాత్రం మధ్యాహ్నం అన్నం గిన్నె విప్పకుండా పాత ఫైళ్ల బీరువా తెరిచాడు.

ఆరేళ్ల కింద ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లు గుమాస్తా హత్య. బయటినుంచి కిటికీలో చెయ్యి పెడితే శవం అందనంత దూరమని ఇతని నక్షా చెప్పింది. దాంతో లోపల పడుకున్న కావలివాడు పరశురాములుకు శిక్ష పడింది. ఎనభై ఐదు అని రాసి ఉంది. పది తీసి రాశాడా, తియ్యకుండా రాశాడా? నక్షా బయటికి తీశాడు, లోపల పెట్టాడు, మళ్లీ తీశాడు. ఆ గదిని ఎప్పుడో కూలగొట్టారు. ఫొటోలే మిగిలాయి.

సాయంత్రం ఆ ఫొటోలను రెండో సాఫ్ట్‌వేర్‌కు ఎక్కించాడు. గది మెల్లగా లేచి నిలబడింది. డెబ్బై ఐదు. బయటినుంచి చెయ్యి అందే దూరమే.

"అన్నా, గిది రాస్తే నీ మీదికొస్తది," అంది నవీన. ఈసారి నవ్వలేదు.

"రానీ మేడం. ఆయినె ఆరేండ్ల సంది లోపలున్నడు. నేనేమో పొద్దుగాల్ల సంది గీ కుర్సీ గురించి పరేషానైతున్న."

ఫారంలో రెండోదానికి టిక్కు పెట్టాడు. కింద తన తప్పు రాసి, ఆ కేసు మళ్లీ చూడాలని రాసి, సంతకం చేశాడు.

వారం తిరక్కుండానే చొప్పదండి స్టేషన్‌కు బదిలీ కాగితం వచ్చింది. కొండల్ తెచ్చిన చాయ్ తాగి, సంచి భుజానేసుకుని బస్సుకు పోయాడు.

టేబుల్ మీద టేపు ఉండిపోయింది, సున్నా లేకుండా, పది దగ్గర మొదలై.