లాండ్రీ పైకప్పు

లాండ్రీవాడికి నోరెక్కువ. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, అతని నోటికి ఏ ఊరూ మంచిది కాలేదు. కాకపోతే బట్టలు మల్లెపువ్వుల్లా ఉతుకుతాడు. అందుకే జనం భరించారు.

ఆ కొట్టు కాంపౌండరు గారిది. ఉద్యోగం విరమించిన పెద్దాయన, మాటకి ప్రాణమిచ్చే రకం. అద్దెకిచ్చేటప్పుడే ఒప్పందం రాసుకున్నారు: కప్పూ గోడలూ పాడైతే యజమాని బాగుచేయించాలి, కుళాయిలూ తలుపులూ పొగగూళ్లూ అద్దెకున్నవాడు చూసుకోవాలి.

వానలు మొదలవగానే రేకుల కప్పు నుంచి మడతపెట్టిన తెల్లచొక్కాల మీద తుప్పునీళ్లు పడ్డాయి. ఇంకేముంది, లాండ్రీవాడికి పూనకమొచ్చింది. వీధిలో నిలబడి, కూరల బండి దగ్గరున్న వాళ్లంతా వినేలా అందుకున్నాడు.

"రాసిచ్చి మాట తప్పేవాణ్ణి ఏమనాలయ్యా? అద్దె తీసుకోడానికి చేతులొస్తాయిగానీ కప్పు బాగుచెయ్యడానికి రావా?"

కాంపౌండరు గారు తన గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. ఏనాడూ ఒకరిచేత మాటపడిన మనిషి కాదు. మేస్త్రీ రెండ్రోజులాగమన్నా ఆగలేకపోయారు. ఆ సాయంత్రమే నిచ్చెన వేసుకుని తనే కప్పెక్కారు. తడి రేకు మీద కాలు జారి కిందపడ్డారు. తుంటి విరిగింది.

అయ్యో అనుకున్నాడు లాండ్రీవాడు. అనుకుని ఊరుకోవచ్చుగా? "నేనెక్కమన్నానా?" అని కూడా అన్నాడు. చూడండి ఆ నోరు!

తర్వాత వానలు వెనకబట్టాయి. ఎండలు కాశాయి. చొక్కాల మీద చుక్కలు మాత్రం పడుతూనే ఉన్నాయి.

"ఏవండీ, ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. ఈ నీళ్లెక్కడివి?" అంది భార్య.

అతను బల్లెక్కి చూశాడు. బట్టలుడికించే బాయిలరు మీదున్న పొగగూట్లో పాత దుప్పటి కుక్కి ఉంది. వేసవి చివర్లో రోడ్డు దుమ్ము తెల్లబట్టల మీద పడుతోందని కుక్కింది తనే. పోయే దారిలేక ఆవిరంతా రేకుకి పట్టి, నీళ్లై కారుతోంది. కప్పులో ఏ లోపమూ లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తన తప్పుకి ముసలాయన్ని మంచాన పడేశాడు.

"ఎవరికీ చెప్పకే," అన్నాడు.

"నేనెందుకు చెప్తాను? మీరే వెళ్లి చెప్తారు," అందామె.

మర్నాడు వెళ్లాడు. మంచం మీంచే కాంపౌండరు గారు ముందుగా అన్నారు: "మేస్త్రీ రేపొస్తానన్నాడు బాబూ, కాస్త ఓర్చుకో."

ఆ మాటకి లాండ్రీవాడికి చచ్చినంత పనైంది. తలొంచుకుని ఉన్నదంతా చెప్పేశాడు. పెద్దాయన వంటగది వైపు చెయ్యి చూపించారు.

"నాకెందుకయ్యా చెప్పడం? లోపల మీ పిన్నిగారున్నారు. మాట తప్పినవాడి పెళ్లాం అనుకుంటారని కూరలకి కూడా బయటికి రావడం మానేసింది. వెళ్లి ఆవిడకి చెప్పు."

వంటగది గుమ్మం దగ్గర మళ్లీ చెప్పాడు. అదీ గొణుగుతున్నట్టు. ఆవిడ గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరగలేదు.

"ఆ రోజు నీ గొంతు వీధి చివరిదాకా వినపడింది. ఇప్పుడు పక్కనే నిలబడ్డా వినపడదేం బాబూ?"

లాండ్రీవాడు బయటికొచ్చి, కూరల బండి దగ్గర నిలబడ్డాడు. "ఇదిగో, అందరూ ఒక్కసారి వినండి," అన్నాడు గట్టిగా.

ఇవాళ ఎవరి పరువు తీస్తాడోనని అందరూ తలలెత్తి చూశారు.